అరువు కొట్టు, నగదు మార్ట్: పల్నాటి బజారు చరిత్ర

మాచర్లకు ఎగువన, ఇప్పుడు నాగార్జునసాగర్ జలాశయం నిండి ఉన్న లోయలో, క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. ఆ లోయ నీట మునిగేలోగా దక్కినంత దక్కించుకోవాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. అక్కడి శాసనాల్లో ఒకటి గుడి నిర్వహణకు ఇచ్చిన సొమ్ము గురించి చెబుతుంది. ఆ సొమ్మును వృత్తిదారుల శ్రేణుల దగ్గర అక్షయనీవిగా ఉంచారు. అసలు తరగకూడదు, దాని మీద వచ్చే వడ్డీతో గుడి బాగోగులు నడవాలి. సొమ్ము తీసుకున్న శ్రేణుల్లో ఒకటి తమలపాకుల వర్తకులది, ఇంకొకటి అప్పాలు చేసి అమ్మేవాళ్ళది. ఆకులూ అప్పాలూ అమ్మే మనుషులను దేవుడి సొమ్ముకు పూచీదారులుగా ఊరు నమ్మిందన్నమాట.

మార్ట్‌లూ మాల్‌లూ వచ్చి ఊళ్ళో కొట్లను ముంచాయన్న మాట ఇవాళ పల్నాటి పట్టణాల్లో తరచుగా వినిపిస్తుంది. అందులో నిజముంది. కానీ కారణాన్ని ఒక్క ధరలోనే వెతికితే సగం కథే దొరుకుతుంది. ఈ నేల మీద కొట్టు ఎప్పుడూ రెండు పనులు చేసింది. సరుకు అమ్మింది, పంట చేతికొచ్చేదాకా ఇంటి అప్పు మోసింది. రెండో పని కొట్టు చేతుల్లోంచి కొంచెం కొంచెంగా జారిపోయాకే మొదటి పనిని పెద్ద కంపెనీలు అందుకోగలిగాయి. అందుకున్నప్పుడు కూడా ఊరంతటినీ తీసుకోలేదు. చేతిలో నగదున్న ఇళ్ళను ఏరుకుని, అరువు ఇళ్ళను కొట్టుకే వదిలేశాయి. కొట్టును కుంగదీసింది ఈ ఏరివేతేనని నా అభిప్రాయం.

పల్నాడు వాన కోసం ఎదురుచూసే నేలగా చాలా శతాబ్దాలు బతికింది. ఇక్కడి జొన్నకూటి మీద, నీటి ఎద్దడి మీద శ్రీనాథుడు చెప్పినవిగా ప్రచారంలో ఉన్న చాటువులు తెలుగువాళ్ళందరికీ తెలుసు. జొన్న, సజ్జ, వరిగ, కంది, పత్తి అన్నీ వానాధారమే. అలాంటి చోట ఇంటికి ఖర్చు ఏడాది పొడవునా ఉంటుంది, రాబడి ఒక్క రుతువులోనే వస్తుంది. జ్యేష్ఠ ఆషాఢాల్లో గాదె అడుగంటుతుంది. విత్తనం కొనాలి, కూలీకి ఇవ్వాలి, ఇంట్లో ఉప్పూ నూనే ఉండాలి. పత్తి తీతలు సంక్రాంతి ముందు, మిరప కోతలు మాఘ ఫాల్గుణాల్లో. ఈ మధ్యలో ఉన్న ఆరేడు నెలల వంతెన పేరే అరువు.

ఆ వంతెన కూలితే ఏమవుతుందో 1832–33 నందన నామ సంవత్సరం చూపించింది. డొక్కల కరువని జనం పిలుచుకున్న ఆ కరువులో అప్పటి గుంటూరు జిల్లాలోని 5 లక్షల జనాభాలో కనీసం లక్షన్నర మంది చనిపోయారని అంచనా. గింజలు దాచిన వర్తకుల మీద జనానికి పుట్టిన కోపం, గింజలు అప్పుగా పెట్టిన వర్తకుల మీద మిగిలిన కృతజ్ఞత రెండూ ఆ తరాల జ్ఞాపకాల్లోంచే వచ్చాయి. షావుకారంటే పల్నాటి మనిషికి ఏకకాలంలో గౌరవమూ అనుమానమూ ఉండటానికి ఇలాంటి ఏళ్ళే కారణం.

బజారు ఒకచోట స్థిరపడింది మాత్రం తర్వాతే. మల్రాజు జమీందారుల పేటగా 18వ శతాబ్దం చివర పుట్టిన నరసరావుపేటకు 19వ శతాబ్దం చివర మీటర్ గేజి రైలు వచ్చింది. అటు బెజవాడ, ఇటు గుంతకల్లు. తీరం నుంచి ఉప్పు మోసుకొచ్చే లంబాడీల ఎద్దుల బిడారాల పని తగ్గి, స్టేషను దగ్గర గిడ్డంగులు లేచాయి. 1915లో ఊరు పురపాలక సంఘమయింది. గుంటూరు నుంచి మాచర్లకు రైలు 1930 ప్రాంతంలో గానీ అందలేదు. పల్నాడు తాలూకా కేంద్రమైన గురజాలకు కచేరీ ఉన్నా, వర్తకంలో నరసరావుపేటకు సమానం కాలేకపోయింది. నరసరావుపేటలో టోకు, మాచర్లలో చిల్లర, గురజాల చుట్టుపక్కల ఊళ్ళలో వారానికోసారి సంత. ఈ మెట్ల వరుస దాదాపు నూరేళ్ళు మారలేదు. పెద్ద స్టోర్లు వచ్చిన క్రమం కూడా ఈ మెట్ల వెంబడే సాగింది.

కొట్టు ఊరిలో భాగమనడానికి ఈ ప్రాంత చరిత్రలోనే ఒక గట్టి సాక్ష్యముంది. 1921లో అడవిలో పశువులు మేపుకోవడానికి కట్టాల్సిన పుల్లరి మీద పల్నాడు తిరగబడింది. జనం అటవీ, రెవెన్యూ అధికారులను సాంఘికంగా బహిష్కరించారు. వాళ్ళకు వెచ్చాలు పుట్టలేదు, పనిచేసేవాళ్ళు దొరకలేదు. పరిస్థితి చూడటానికి వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ, వేదాంతం నరసింహాచార్యులు అరెస్టయ్యారు. ఉన్నవ జైల్లో ఉండగా ‘మాలపల్లి’ రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పులకు బలయ్యాడు. ఈ ఉద్యమాన్ని రాసేవాళ్ళు సాధారణంగా హనుమంతు వీరత్వం దగ్గర ఆగుతారు. నాకు అంతే ముఖ్యంగా కనిపించేది అధికారికి సరుకు పుట్టకుండా చేసిన ఆ కట్టుబాటు. అధికారికి ఉప్పూ పప్పూ అమ్మితే వర్తకుడికి డబ్బొస్తుంది, అమ్మకపోతే ప్రభుత్వంతో తగువొస్తుంది. అలాంటప్పుడు ఊరి మాట చెల్లాలంటే కొట్టులో కూర్చున్న మనిషి ఆ ఊరివాడై ఉండాలి, రేపు కూడా అక్కడే బతకాల్సినవాడై ఉండాలి. ముంబయిలోనో హైదరాబాదులోనో నిర్ణయాలు జరిగే దుకాణాన్ని ఊరు ఇలా కట్టడి చేయలేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సాగర్ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ పల్నాటి ముఖం మార్చింది. మెట్ట జొన్న చోటికి వరి వచ్చింది, తర్వాత మిరప, పత్తి విస్తరించాయి. కాలువ అందని పై భూముల్లో బోర్లు పడ్డాయి. రైతు పెట్టుబడి ఒక్కసారిగా పెరిగింది. ఎరువు, పురుగుమందు, సంకర విత్తనం అన్నీ కొనాల్సినవే. కొట్టు పద్దు కూడా దానితో పాటు పెరిగింది. ఈ ప్రాంతపు కిరాణా వర్తకానికి 1967 తర్వాతి ముప్పై ఏళ్ళే నిండైన కాలం. గుంటూరు పట్నంబజారు నుంచి లారీలో బస్తాలు దిగేవి. నరసరావుపేట టోకు వర్తకుడు మాచర్ల, కారంపూడి, దాచేపల్లి చిల్లర కొట్లకు పదిహేను రోజుల వాయిదా మీద ఇచ్చేవాడు. చిల్లర కొట్టు ఇంటికి ఆరు నెలల వాయిదా మీద ఇచ్చేది. పదిహేను రోజులకూ ఆరు నెలలకూ మధ్య ఉన్న ఆ బరువంతా చిల్లర షావుకారు నెత్తి మీదే. పై నుంచి తొందర, కింది నుంచి ఆలస్యం. దాన్ని మోయడానికి అతను చీటీ పాడేవాడు, ఇంట్లో బంగారం కుదువ పెట్టేవాడు, రైతు దగ్గర కందులో మినుములో బాకీ కింద కొలిపించుకుని ధర వచ్చేదాకా నిల్వ ఉంచేవాడు.

ఈ వ్యవహారం నడిచిన తీరు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిసిన తరం వెళ్ళిపోతోంది. కొట్టులో ప్రధానంగా రెండు పుస్తకాలుండేవి. ఆ రోజు జరిగింది జరిగిన వరుసలో రాసుకునేది చిట్టా. దాంట్లోంచి ఎవరి పద్దు వాళ్ళ పేజీకి ఎక్కించేది ఆవర్జా. పొడవాటి పుస్తకం, పైన శ్రీకారం, పసుపు కుంకుమ బొట్టు. ఉగాదికో దీపావళికో పాత పుస్తకం మూసి కొత్తది తెరిచేవాళ్ళు. ఆదాయపు పన్ను లెక్కలకు దేశమంతటా ఏప్రిల్ నుంచి మార్చి దాకానే సంవత్సరమని 1989లో ఖాయమయ్యాక దీపావళి పుస్తకం లక్ష్మీపూజకే మిగిలింది. ఆవర్జాలో ఒక పేరున్న మనుషులు నలుగురైదుగురు ఉంటే తండ్రి పేరు, ఇంటి గుర్తు, పొలం ఉన్న దిక్కు కలిపి రాసేవాళ్ళు.

ఒక ఇంటి పేజీ తిప్పితే ఆ ఇంటి ఏడాది కనిపిస్తుంది. జూన్‌లో బడి పుస్తకాలు. శ్రావణంలో శనగపిండి, బెల్లం. ఎవరికో జబ్బు చేస్తే వరసగా సగ్గుబియ్యం, గ్లూకోజు. పెళ్ళి కుదిరితే పద్దు ఒక్కసారి పొంగుతుంది. మరణం జరిగితే కర్పూరం, సాంబ్రాణి, ఆ తర్వాత పదకొండు రోజులు ఖాళీ, ఆపైన పెద్దకర్మ సరుకుల చిట్టా. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ ముందు ప్రభ కట్టే ఇళ్ళ పేజీల్లో ఆ ఊపు తెలుస్తుంది. తర్వాత మిరప అమ్మిన వారంలో పెద్ద జమ. జమ మొత్తం బాకీకి సరిపోవడం అరుదు. కొంత నిల్వ మిగిలి కొత్త పుస్తకంలోకి వెళ్తుంది. ఆ మిగిలిన నిల్వే ఇంటినీ కొట్టునూ కలిపి ఉంచిన ముడి. బాకీ పూర్తిగా తీరిపోయిన ఇల్లు వేరే కొట్టుకు పోవచ్చు గనక షావుకారు కూడా దాన్ని పూర్తిగా తీర్చమని గట్టిగా అడిగేవాడు కాదు.

వడ్డీ ఎక్కడ ఉండేది? రెండు చోట్ల. ప్రోనోటు రాయించుకున్న పెద్ద బాకీల మీద బయటికి కనిపించే వడ్డీ, నూటికి నెలకు రూపాయిన్నరో రెండో. రోజువారీ పద్దు మీద వడ్డీ ధరలోనే దాగి ఉండేది. నగదుకొచ్చినవాడికి ఒక రేటు, పద్దుకొచ్చినవాడికి ఇంకో రేటు. పద్దువాడు ధర అడిగేవాడు కాదు, అడిగే స్థితిలో ఉండేవాడు కాదు.

1951–52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి సర్వే దేశం మొత్తానికి ఒక లెక్క తేల్చింది. గ్రామాల అప్పుల్లో సహకార సంఘాల వాటా 3.1 శాతం, వాణిజ్య బ్యాంకులది ఒక శాతం కూడా లేదు. వడ్డీ వ్యాపారులదీ, వడ్డీకిచ్చే రైతులదీ కలిపితే 70 శాతానికి దగ్గర. కొట్టు పద్దులు ఇలాంటి సర్వేల్లో అప్పుగా పూర్తిగా పట్టుబడవని నా నమ్మకం, ఎందుకంటే ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ దాన్ని అప్పని పిలవరు. దాన్ని కూడా కలుపుకుంటే బ్యాంకు ఎంత దూరంలో ఉందో, కొట్టు ఎంత దగ్గరలో ఉందో తెలుస్తుంది.

ఈ కొట్టును తలచుకుని కన్నీళ్ళు పెట్టుకునే రచనలు ఈమధ్య చాలా వస్తున్నాయి. వాటితో నేను ఏకీభవించలేను. తూకంలో మోసం ఉండేది. శేరు, వీశె పోయి కిలో వచ్చిన 1960లలో ఆ మార్పు అయోమయంలో చాలా చేతులు తడిశాయి. చదువు రాని ఆడమనిషి పేజీలో ఏం రాశారో ఆమెకు తెలిసే దారి లేదు. అన్నిటికన్నా బరువైనది కులం. మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మెట్టెక్కకుండా వీధిలోనే నిలబడి, పైనుంచి జారవిడిచిన పొట్లాన్ని కొంగులో పట్టుకున్న రోజులు ఈ ప్రాంతపు పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినవచ్చు. వాళ్ళు సరుకును తాకి చూసి ఎంచుకునే వీలు లేదు. ఇవాళ అదే పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఏసీ స్టోర్లో అరల మధ్య తిరుగుతూ, పప్పు ప్యాకెట్టు చేతిలోకి తీసుకుని తేదీ చదివి, నచ్చకపోతే తిరిగి పెట్టేస్తుంది. కులం అడిగేవాడు లేడు, పేరు కూడా అడగరు. గొలుసు దుకాణాల మీద ఎన్ని ఫిర్యాదులున్నా ఈ ఒక్క మార్పును తక్కువ చేసి చూడకూడదు.

కొట్టుకు పోటీ పెట్టాలన్న ఆలోచన కంపెనీల కన్నా ముందు సహకార ఉద్యమానికీ, ప్రభుత్వానికీ వచ్చింది. మద్రాసులో 1904లోనే ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ వినియోగదారుల దుకాణాన్ని తెరిచింది. 1966లో రూపాయి విలువ తగ్గించినప్పుడు ధరలను పట్టి ఉంచడానికి ఢిల్లీలో సూపర్‌బజారు పుట్టింది. ఆ నమూనాలో ఆంధ్ర పట్టణాల్లోనూ సహకార సూపర్‌బజార్లు లేచాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. కొట్టు పద్దులోంచి జారిన మొదటి పెద్ద వస్తువు బియ్యమే. పేద ఇంటి పద్దులో సగం బరువు దానిదే. షావుకారు దగ్గర తిండిగింజల కోసం తల వంచాల్సిన అవసరం ఆ ఏడాదితో చాలా ఇళ్ళకు తగ్గింది. పథకాన్ని పొగిడేవాళ్ళు ఆకలి తీరిందంటారు, అది నిజం. అరువు మీద ఉన్న పట్టు సడలిందన్నది అంతకు తక్కువ నిజం కాదు.

రెండో మార్పు నిశ్శబ్దంగా వచ్చింది. అదే 1983లో టాటా ఉప్పు ప్యాకెట్టు బజారుకొచ్చింది. షాంపూ చిన్న సాచెట్టుగా మారింది. బస్తాలోంచి తూచి పొట్లం కట్టే సరుకు తగ్గుతూ, కంపెనీ కట్టిపంపిన సరుకు పెరుగుతూ పోయింది. 1990 నుంచి అన్ని పన్నులూ కలిపిన గరిష్ఠ చిల్లర ధర ప్యాకెట్టు మీదే అచ్చయింది. అప్పటిదాకా ధర షావుకారు నోట్లో ఉండేది. నగదు రేటు, పద్దు రేటు, చుట్టం రేటు వేరువేరు. ధర అట్ట మీదికి ఎక్కగానే పద్దుకు దాచిన వడ్డీ దాక్కునే చోటు పోయింది. అచ్చు ధర కన్నా ఎక్కువకు అమ్మకూడదు, అదే ధరకు ఆరు నెలల అరువిస్తే పది శాతం అటూ ఇటూ ఉండే లాభం కరిగిపోతుంది. పెద్ద స్టోర్లు గేటు దగ్గరికి రాకముందే కొట్టు లెక్క ఇలా చెడింది.

మన దగ్గర గొలుసు దుకాణాల కథ బొంబాయి కంపెనీలతో మొదలు కాలేదు. హైదరాబాదులో 1986లో మొదలైన త్రినేత్ర తెలుగు పట్టణాల్లో శాఖలు తెరిచి కిరాణాను స్వయంగా ఏరుకునే అలవాటు నేర్పింది. బట్టల్లో చందన, బొమ్మన వంటి తెలుగు కుటుంబాల షోరూములు అంతకు ముందునుంచే ఊరూరా విస్తరించాయి. 2001లో హైదరాబాదులో జెయింట్, బిగ్ బజార్ తెరుచుకున్నాయి. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన మొదటి దుకాణాలను తెరవడానికి దేశంలో ఎంచుకున్న ఊరు హైదరాబాదే. 2007 జనవరిలో ఆదిత్య బిర్లా వాళ్ళు త్రినేత్రను కొని ‘మోర్’గా మార్చారు. చెన్నైలో 1997లో పుట్టిన సుభిక్ష ఎక్కడికక్కడ చిన్న దుకాణాలు పెట్టుకుంటూ పోయి 2009 నాటికి జీతాలూ అద్దెలూ కట్టలేక కూలిపోయింది. కొట్టుకు ఇన్నేళ్ళు అరువిచ్చి బతకడం వచ్చు, కంపెనీకి అప్పు తెచ్చి విస్తరించడమే వచ్చు. సుభిక్ష పతనం చూపిన తేడా ఇది.

ఆ రోజుల్లో చర్చంతా విదేశీ పెట్టుబడి చుట్టూ తిరిగింది. 2012 సెప్టెంబరులో బహుళ బ్రాండ్ల చిల్లర వర్తకంలో 51 శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం అనుమతిచ్చింది. సెప్టెంబరు 20న భారత్ బంద్ జరిగింది. డిసెంబరు 5న లోక్‌సభలో ఓటింగు 253–218తో, 7న రాజ్యసభలో 123–109తో ప్రభుత్వం నెగ్గింది. ఒప్పుకున్న రాష్ట్రాల్లో మన రాష్ట్రం కూడా ఉంది. అయితే ఆ విధానంలో 10 లక్షల జనాభా దాటిన నగరాలకే ప్రాధాన్యం. నరసరావుపేటకూ మాచర్లకూ వాల్‌మార్ట్ చిల్లర దుకాణం వచ్చే ప్రశ్నే లేదు. దేశీయ కంపెనీలకు మాత్రం ఏ జనాభా హద్దూ లేదు, ఏ సభ ఓటూ అక్కర్లేదు. జపాన్‌లో 1973 నాటి పెద్ద దుకాణాల చట్టం ప్రకారం పెద్ద స్టోరు తెరవాలంటే స్థానిక వర్తకుల అభిప్రాయం వినాల్సి వచ్చేది. అలాంటి చట్టం ఇక్కడ ఎవరూ అడగలేదు కూడా. పల్నాటి వర్తకుడు విదేశీ శత్రువు మీద బంద్ చేశాడు. వచ్చినవాడు పక్క జిల్లా నుంచో, హైదరాబాదు నుంచో వచ్చాడు.

విదేశీ కంపెనీలు ఈ బజారుకు వేరే దారిలో వచ్చాయి. మెట్రో, వాల్‌మార్ట్ వారి బెస్ట్ ప్రైస్ టోకు గిడ్డంగులు విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో తెరుచుకున్నాయి. నరసరావుపేట చిల్లర వర్తకుడు వాటికి కార్డు తీసుకున్న ఖాతాదారు. పట్నంబజారు టోకు వర్తకుడి దగ్గర దొరికే పదిహేను రోజుల వాయిదా అక్కడ సులభంగా దొరకదు, సరుకు చౌకగా దొరుకుతుంది. కొట్టుకు పై నుంచి వచ్చే అరువు ఇలా తగ్గింది. మెట్రో భారత వ్యాపారాన్ని 2022 డిసెంబరులో రిలయన్స్ 2,850 కోట్లకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. అంటే చిల్లరలో పోటీదారైన సంస్థే టోకులో సరఫరాదారు అయ్యింది.

ఈలోగా ఇంటి అప్పు కొట్టు దాటి వెళ్ళిపోయింది. 1990ల నుంచి డ్వాక్రా సంఘాలు ఆడవాళ్ళ చేతికి బ్యాంకు రుణాన్ని తెచ్చాయి. వాటి వెనక సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం వసూళ్ళతో దిగాయి, వాటి ఒత్తిడి భరించరానిదయ్యాక 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది. బంగారం మీద గంటలో అప్పిచ్చే శాఖలు ప్రతి పట్టణంలో వెలిశాయి. ప్రభుత్వ పథకాల సొమ్ము నేరుగా ఖాతాల్లో పడటం మొదలైంది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయిన వారాల్లో మళ్ళీ ఒకసారి కొట్టు అరువే ఊళ్ళను నడిపింది. చేతిలో చెల్లే నోటు లేని ఇళ్ళకు షావుకారు పద్దు రాశాడు. కానీ ఆ గండం గడిచాక మిగిలింది ఫోను చెల్లింపు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. పెద్ద స్టోరుకు కంప్యూటరు బిల్లు ముందునుంచే ఉంది. చిట్టా, ఆవర్జా రాసుకునే మనిషి నెలనెలా రిటర్నుల కోసం ఆడిటరు దగ్గర కూర్చోవాల్సి వచ్చింది.

అప్పటికి బజారు ముందు రెండు రకాల ఇళ్ళు తేలాయి. నెల జీతమో, పిల్లలు హైదరాబాదు నుంచో అమెరికా నుంచో పంపే డబ్బో ఉన్న ఇల్లు ఒకటి. పంట మీదో కూలి మీదో బతికే ఇల్లు ఇంకొకటి. మొదటి రకం ఇళ్ళు ఎక్కడ ఎక్కువో స్టోర్లు అక్కడికే ముందు వెళ్ళాయి. నరసరావుపేటలో కాలేజీలున్నాయి, ఆసుపత్రులున్నాయి, 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి ఊరు జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేటు కూడా వచ్చింది. సున్నపు బట్టీల పిడుగురాళ్ళలో నగదు తిరుగుతుంది. మాచర్ల, గురజాల ఆ తర్వాతి మెట్లు. రైలు వేసిన వరుసే మళ్ళీ కనిపిస్తుంది.

స్టోరు ఊరు మొత్తాన్ని తీసుకోనక్కర్లేదు. ఒక వీధిలోని వంద ఇళ్ళలో నెల సరుకు ఒకేసారి నగదుకు కొనే ముప్పై ఇళ్ళు కదిలితే చాలు. కొట్టును నిలబెట్టింది ఆ ముప్పై ఇళ్ళ నగదే, దానితోనే షావుకారు మిగతా డెబ్బై ఇళ్ళ అరువు మోసేవాడు. వాళ్ళు వెళ్ళాక కొట్టుకు మిగిలింది అరువు, అర్ధరాత్రి పాల ప్యాకెట్టు, స్టోర్లో మర్చిపోయిన అగ్గిపెట్టె. ఇక్రియర్ సంస్థ 2008లో దేశవ్యాప్తంగా చేసిన అధ్యయనం సంఘటిత దుకాణాల పోటీ వల్ల ఏటా మూతపడే చిన్న కొట్లు 1.7 శాతమేనని, మొదట్లో తగ్గిన అమ్మకాలు కాలక్రమంలో కొంత కోలుకుంటాయని చెప్పింది. ఆ లెక్కను కాదనను. కానీ మూతపడని కొట్టు బాగున్నట్టేనని ఆ లెక్క చెప్పదు. షట్టరు తెరిచే ఉంటుంది, లోపల ఎవరి అప్పు ఎవరు మోస్తున్నారో మారిపోతుంది. షావుకారు అరువివ్వడం మానేసి చేతి రాతతో ‘అరువు లేదు’ అని అట్ట వేలాడదీసిన రోజు, కొట్టు మూతపడకపోయినా ఆ డెబ్బై ఇళ్ళకు ఒక తలుపు మూసుకుపోయినట్టే.

ఈ ఏరివేతను నిర్ణయించింది అరువేనన్న మాట ఊహ కాదనడానికి పక్క అంగడి ఒకటి సాక్ష్యం. ఎరువులు, పురుగుమందుల కొట్లను పెద్ద కంపెనీలు కదపలేకపోయాయి. హరియాలీ కిసాన్ బజార్ పేరుతో 2002లో మొదలైన గొలుసు దేశంలో వందల దుకాణాలు పెట్టి, దశాబ్దం దాటగానే మూసుకుంది. మన ప్రభుత్వం 2020 మే 30న రైతు భరోసా కేంద్రాలను తెరిచింది, 10 వేలకు పైగా. అయినా పల్నాటి పత్తి, మిరప రైతు ఇప్పటికీ ఎక్కువగా డీలరు దగ్గరికే వెళ్తాడు, పంట అమ్మాక ఇస్తానంటే ఆగేది డీలరే గనక. ఆ అరువులో దోపిడీ ఉంది, నాసిరకం మందులున్నాయి, మిరప ధర పడిపోయిన ఏళ్ళలో ప్రాణాలు కూడా పోయాయి. అరువు ఎక్కడ మిగిలిందో స్థానిక కొట్టు అక్కడ మిగిలింది. ఎక్కడ నగదుగా మారిందో అక్కడ గొలుసు దుకాణం నిలబడింది. బట్టల్లో మార్పు వేగంగా జరిగింది, ఎందుకంటే పెళ్ళి బట్టలకు డబ్బు ముందే కూడబెడతారు. పరుపుల మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, తానులు విప్పి పరిచిన కొట్లు మాల్ ముందు తేలిపోయాయి. వాటితో పాటు వెనక సందులోని దర్జీలు, ఇరవై ముప్పై ఏళ్ళుగా ఒకే కొట్టులో తానులు మడిచిన గుమాస్తాలు కూడా. మాల్ గుమాస్తాకు యూనిఫారం ఉంది, పీఎఫ్ కూడా ఉండవచ్చు. కానీ ఏ ఇంటి పెళ్ళి ఎప్పుడో, ఎవరికి ఏ రంగు నప్పుతుందో తెలిసిన మనిషికి మాల్ ఇచ్చే జీతం కొత్తగా చేరిన ఇంటర్ కుర్రాడి జీతమే.

ఊరి దుకాణాన్నీ కంపెనీ సరుకునూ కలపాలని ప్రభుత్వం ఒకసారి ప్రయత్నించింది. 2017 డిసెంబరులో చంద్రన్న విలేజ్ మాల్స్ మొదలయ్యాయి. దాదాపు 29 వేల రేషన్ దుకాణాల్లో మొదటి దశలో 6,500 దుకాణాలను రిలయన్స్, ఫ్యూచర్ గ్రూపుల సరుకుతో నింపాలన్నది ప్రణాళిక. పేదల దుకాణం డీలరు చేతిలోనే ఉంటుంది, సరుకు కంపెనీది. ఆలోచన కొత్తది. అయితే అరువు గురించి అందులో ఒక్క మాట లేదు. రెండేళ్ళలో ప్రభుత్వం మారింది. ఫ్యూచర్ గ్రూపు అప్పుల్లో కూరుకుపోయి 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది, దాని దుకాణాల లీజులను అంతకు కొద్ది నెలల ముందే రిలయన్స్ తీసుకుంది. రేషన్ 2021 జనవరి నుంచి వాహనాల మీద ఇంటింటికీ తిరిగి, 2025 జూన్ 1 నుంచి మళ్ళీ దుకాణానికే చేరింది. పదేళ్ళ లోపు ఒక్క రేషన్ కొట్టే ఇన్ని రూపాలెత్తింది.

ఇదంతా ఏ ఆధారాలతో రాయాలన్నది చరిత్రకారులకు ఇప్పుడున్న అసలు సమస్య. గెజిటీర్లు, సర్వేలు, చట్టసభల ఓట్లు భద్రంగా ఉన్నాయి. కొట్టు ఆవర్జాలు లేవు. కొడుకులు వేరే ఉద్యోగాల్లో స్థిరపడి, తండ్రి కొట్టు ఖాళీ చేసేటప్పుడు పుస్తకాలన్నీ పాత కాగితాల వాడికి కిలోల లెక్కన పోతున్నాయి. 1957 ఏప్రిల్లో అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు ఇంటి పద్దు ఎలా మారిందో, కాలువ నీళ్ళొచ్చాక ఏ ఊళ్ళో ఏ ఏడాది జొన్న పోయి బియ్యం ఎక్కిందో, 2016 నవంబరులో ఎన్ని ఇళ్ళకు అరువు రాశారో చెప్పగల పత్రం ఇంకొకటి లేదు. నరసరావుపేటలో 1950 నుంచి ఎస్.ఎస్.ఎన్. కళాశాల ఉంది, ఊరూరా వర్తక సంఘాలున్నాయి. పాత కొట్ల కుటుంబాలను అడిగి తెప్పించే పని వాళ్ళు చేయగలరు. బాకీదారుల పేర్లు బయటపడకూడదు, వాళ్ళ మనవలు అదే ఊళ్ళో ఉన్నారు. అందుకని పేరున్న వరస మూసి, మిగతా పేజీని ఫొటో తీసి, ఊరూ సంవత్సరమూ రాసి భద్రపరిస్తే చాలు. పుస్తకాన్ని కుటుంబానికే తిరిగి ఇచ్చెయ్యవచ్చు.